ఎడమ భుజం దగ్గర అంగుళం

గురువారం నాలుగున్నర కాగానే టైలరమ్మ కుట్టుమిషను ఆపి, ఒడిలో పడిన దారపు ముక్కలు దులుపుకొని, ముందుగదిలో మూడు కుర్చీలు వేసేది. ఒకటి రిటైరైన నర్సమ్మకు. ఆమెకు మోకాళ్ళు పట్టేస్తాయి కనుక దాని మీద దిండు ఉండేది. రెండోది బడి మాస్టారికి. ఆయన బైబిలు తెరిచి సువిశేషం చదవాలి కనుక అది కిటికీ పక్కన ఉండేది. మూడోది సమాధుల తోటలో గోతులు తవ్వే ముసలాయనకు. అందరూ ఆయనను గోతుల తాత అనేవారు, ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు. టైలరమ్మ మాత్రం మిషను ముందరి స్టూలు మీదే కూర్చునేది.

మాస్టారు ఆ వారపు పాఠం చదివేవారు. జపమాలలో ఒక పదిపూసలు అందరూ కలిసి చెప్పుకునేవారు. ఆ తరువాత టీ తాగి, తెల్ల గుడ్డ పరిచి పనిలో దిగేవారు. టైలరమ్మ కత్తిరించేది, నర్సమ్మ ఇస్త్రీ చేసేది, తాత గుడ్డ కొసలు పట్టుకునేవాడు. మాస్టారు నాడాలు కుట్టేవారు.

"మాస్టారూ, అది కుట్టా, ఒకటో తరగతి పిల్లాడి చేతిరాతా?" అనేది నర్సమ్మ.

"కట్టుకునేవాళ్ళు తప్పులు దిద్దరు లెండి," అనేవారు ఆయన, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకొని.

వాళ్ళ విచారణలో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే పేటలో, ఏడు వీధులు, వీధికొక చిన్న సమూహం. చేతులు జోడించడమే కాదు, చేతులతో ఏదైనా చెయ్యాలని చెప్పి, ఒక ఏడాది ఫాదరుగారు ఏడు కరుణాకార్యాలను ఏడు చీటీల మీద రాసి, బిస్కెట్ల డబ్బాలో వేసి, సమూహానికొకటి తియ్యమన్నారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం ఒక వీధికి వచ్చింది. ఖైదీలను చూసిరావడం మరొక వీధికి వచ్చింది. రోగులను పరామర్శించడం బజారు వీధికి వచ్చింది. టైలరమ్మ వాళ్ళ వీధికి ఏడోది, చనిపోయినవారిని పాతిపెట్టడం వచ్చింది.

"నాకు చీటీ ఎందుకు ఫాదరుగారూ, నేను పుట్టినప్పుడే తీశాను కదా," అన్నాడు తాత. గుడి మెట్ల మీద అందరూ నవ్వారు.

అప్పటి నుంచి ఎవరూ లేని శవాలకు వాళ్ళు అంగీలు కుట్టేవారు. పాదాల దాకా వచ్చే తెల్ల అంగీ, నిండు చేతులు, వెనుక కట్టుకోవడానికి నాడాలు. కొలత అన్నింటికీ ఒకటే, పొడుగ్గా లావుగా ఉన్న మనిషికైనా చాలేటంత. కుట్టిన అంగీని బీరువాలో హ్యాంగరుకు తగిలించి ఉంచేవారు. అయినవాళ్ళంటూ ఎవరూ దగ్గర లేకుండా ఒక మనిషి పోబోతున్నాడంటే ఆ తెల్లవారుజామున అంగీ అతని కొలత పట్టేది. చేతులు పొట్టివయ్యేవి, అంచు పైకి వచ్చేది, ఛాతీ సన్నబడేది. మూడు రోజుల్లోగా మార్చురీ నుంచో, రైల్వే స్టేషను నుంచో, ఒక్కోసారి బస్సులో ఒక పూట ప్రయాణమయ్యే ఊరి నుంచో కబురు వచ్చేది. వెళ్ళి తొడిగితే కుట్టుకు కుట్టు సరిపోయేది. వాన వచ్చేముందు చీమలు గుడ్లు మోసుకుపోతే ఎవరూ వింతగా చెప్పుకోరు. అంగీ గురించీ అంతే. "కొలత పట్టింది" అని టైలరమ్మ చెబితే, "ఎంత పొడుగు?" అని తాత అడిగేవాడు. అంతకుమించి మాట ఉండేది కాదు. ఒక్కసారి మాత్రం అంగీ జానెడున్నరకు కుంచించుకుపోయింది. ఆ గురువారం మాస్టారు పుస్తకం తెరిచి, చదవలేక మూసేశారు.

టైలరమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. ఉండేవాడు అనాలో, ఉన్నాడు అనాలో ఆమెకే తెలియదు. తనకంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి మంచం పట్టిన మనిషి కావడంతో వాడిని చంకనెత్తుకొని పెంచింది ఈమే. పొడుగ్గా ఎదిగి గుమ్మానికి తల తగిలేటప్పుడు కూడా వాడిని చిన్నోడనే పిలిచారు. ఆరేళ్ళప్పుడు బడి గోడ మీద నుంచి పడ్డాడు. మెడ కింది ఎముక వంకరగా అతుక్కొని, ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగిపోయింది. ఆ తరువాత వాడి ప్రతి చొక్కానూ ఆమె ఆ అంగుళం దాచి కత్తిరించింది. వీధిలో ఎవరికీ వాడు వంకరగా కనిపించలేదు. ఆ అంగుళం సంగతి ఆమెకూ ఆమె కత్తెరకూ మాత్రమే తెలుసు. ఎవరైనా కోప్పడితే వాడు ఆ భుజమే ఎగరేసి "సరేలే అక్కా" అనేవాడు. ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా తిట్టినా వాడి జవాబు అదే.

తల్లి పోయిన రోజు పొద్దున వాడు నీలం చొక్కా తొడుక్కొని, ఊడిన గుండీ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "అక్కా, ఇది కుట్టిపెట్టవా?" ఇప్పుడు కాదు, తరువాత అంది. మధ్యాహ్నం సమాధి దగ్గరికి వాడు తాగి వచ్చాడు. మట్టి వేయబోయి, కాలు జారి, గోతిలోని తల్లి పెట్టె మీద పడ్డాడు. తాతే కిందికి దిగి వాడిని పైకి తీశాడు. అందరూ చూస్తుండగా ఆమె అంది: "ఇక నువ్వు చచ్చినా నీ మొహం చూడను." వాడు భుజం ఎగరేశాడు. "సరేలే అక్కా" అన్నాడు. మోకాళ్ళకు అంటిన మట్టి అయినా దులుపుకోకుండా వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళయింది. గుండీ సూదుల డబ్బాలో ఉంది. కొలత పట్టిన ప్రతి అంగీనీ ఆమె మొదట ఎడమ భుజం దగ్గరే చూసేది. నలభై ఒక్క అంగీలు వచ్చాయి. నలభై ఒక్కసార్లూ రెండు భుజాలు సమానంగానే ఉన్నాయి. ప్రతిసారీ ఆమె మనసులో స్తోత్రం చెప్పుకొని, వెంటనే సిగ్గుపడేది, ఎందుకంటే ఆ కొలత ఇంకొకరి తమ్ముడిది.

ఒక శుక్రవారం తెల్లవారి ఆమె బీరువా తెరిచేసరికి అంగీ ఎడమ భుజం కిందికి దిగి ఉంది.

ఆమె టేపు తెచ్చింది. రెండుసార్లు కొలిచింది. పొడుగు, చేతులు, మెడ అన్నీ వాడి కొలతకు సరిపోయాయి. ఛాతీ మాత్రం ఆమె ఎరిగిన దానికంటే నాలుగు అంగుళాలు తక్కువ. చిక్కిపోయాడు అనుకుంది. ఎడమ భుజం దగ్గర టేపు సరిగ్గా అంగుళం చూపించింది. ఆమె ముగ్గురికీ కబురు పంపింది.

ఎనిమిది గంటలకు ముగ్గురూ వచ్చారు.

"ఎంత పొడుగమ్మా?" అన్నాడు తాత అలవాటుగా.

"తవ్వొద్దు తాతా."

తాత అంగీ వంక చూశాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆ భుజం పట్టుకొనే ఆయన వాడిని గోతిలోంచి లాగాడు. తలపాగా తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఆదివారం పొద్దుగుంకే దాకా గడువుంది," అంది నర్సమ్మ. "ఈలోగా వెతుకుదాం పద."

మాస్టారు మెల్లగా అన్నారు, "అమ్మా, రోగులను చూడటం బజారు వీధి వాళ్ళ చీటీ కదా. ముందు వాళ్ళకి ఒక మాట చెబితే..." ఆయన మంచికే అన్నారు. అయినా అది గదిలో రాయిలా పడింది.

"మాస్టారూ, నలభై ఒక్కమంది. ఒక్కొక్కరికీ మూడేసి రోజులు. ఆ మూడు రోజులూ మనం ఏం చేశాం?"

టైలరమ్మ అంగీ వైపు చెయ్యి చూపింది.

"కుట్లు సరిచూసుకున్నాం. గొయ్యి తవ్వించుకున్నాం. పాటలు ఏవి పాడాలో రాసుకున్నాం. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడని మనలో ఒక్కరికైనా తోచలేదా?"

"నాకు ఒకసారి తోచిందమ్మాయ్," అంది నర్సమ్మ, తన మోకాళ్ళ వంక చూసుకుంటూ. "ఆ పసిబిడ్డప్పుడు. మన చీటీ కాదు కదా అనుకున్నాను."

ఆ రోజు తాత వంతెనల కింద వెతికాడు. మాస్టారు రైల్వే స్టేషనూ సత్రాలూ తిరిగారు. టైలరమ్మా నర్సమ్మా పెద్దాసుపత్రికి వెళ్ళారు. నర్సమ్మ పాత పరిచయాల మీద ఒక్కో వార్డు తలుపూ తెరుచుకుంది. టైలరమ్మ మొహాలు చూడలేదు, భుజాలు చూసింది. పడుకున్న మనిషిని తల నుంచి పాదం దాకా కంటితోనే కొలిచి, కాదని ముందుకు పోయేది.

జనరల్ వార్డులో గుమ్మం పక్కన పద్నాలుగో నంబరు మంచం మీద అరవై దాటిన మనిషి ఒకాయన ఉన్నాడు. పొట్టివాడు, గుండ్రటి భుజాలు, కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. అయిదడుగుల రెండు అనుకొని ఆమె కదలబోయింది.

"అమ్మాయ్, నువ్వు నా కోసమేనా?" అన్నాడాయన.

"కాదండీ."

"పర్లేదు. రేపు రా. నేనెక్కడికీ పోను."

శనివారం ఆమె మళ్ళీ వెళ్ళింది. వార్డులో అందరూ పద్నాలుగు అని పిలిచే ఆయన మోచేతుల మీద లేచాడు. "ఇవాళా కాదా?"

"కాదండీ. మా తమ్ముడి కోసం."

"తమ్ముడా! అదృష్టవంతుడు. నాకోసం కూడా ఒకళ్ళు వస్తారని ఈ వార్డంతా చెప్పి పెట్టాను. వీళ్ళు నమ్మడం లేదు. రేపు అటుగా వెళ్తూ ఉత్తుత్తినే ఒక చెయ్యి ఊపి పో, నా పరువు నిలుస్తుంది."

ఆమె చెయ్యి ఊపింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఆదివారం పూజలో ఫాదరుగారు పీఠం దగ్గర నిలబడి, చిన్నోడి సంగతి చెప్పి, ప్రసంగం ఆపేశారు. "తక్కినది వీధుల్లో చేద్దాం" అన్నారు. ఏడు వీధుల వాళ్ళూ వెతికారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఏడు వీధుల వాళ్ళూ ఒట్టి చేతులతో తిరిగి వచ్చారు. వాడు ఈ ఊళ్ళో లేడు.

చిన్నప్పుడు వాడు ఓడల్లో పని చేస్తాననేవాడు. ఆ ఒక్క మాటే ఆధారంగా టైలరమ్మ ఒంటిగంట బస్సుకు రేవు పట్టణం వెళ్తానంది. నాలుగు గంటల ప్రయాణం. పొద్దుగుంకే లోపు అక్కడి ఆసుపత్రి ఒక్కటైనా చూడవచ్చు. తాతను అంగీ దగ్గర కూర్చోబెట్టి, నీలం గుండీ సంచిలో వేసుకొని బయలుదేరింది. దారిలో, కొత్తగా ఎవరైనా చేరారేమోనని, చివరిసారి వార్డులోకి తొంగిచూసింది.

కొత్తవాళ్ళెవరూ లేరు. పద్నాలుగో మంచం చుట్టూ ఆయా పచ్చ తెర లాగుతోంది. ఆ తెర ఎవరి చుట్టూ లాగుతారో వార్డులో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. నిన్నటి నవ్వు ఆ మొహంలో లేదు. ఊపిరి ఛాతీలో గురగురమంటోంది. తెర అంచు దగ్గర ఆమెను చూడగానే చెయ్యి చాచి సంచి పట్టీ పట్టుకున్నాడు.

"ఇవాళైనా... నా కోసమేనా?"

ఆమె గోడ గడియారం చూసింది. పన్నెండూ నలభై.

"ఛాతీలో నీరు తియ్యాలి," అంది డ్యూటీ నర్సు వెనుక నుంచి. "సంతకానికి మనిషి లేక పొద్దున్నుంచి ఆగింది. మీరేమైనా అవుతారా?"

ఆ పట్టీని విడిపించుకోవడం పెద్ద పని కాదు. ఆ వేళ్ళలో బలం లేదు. కాదండీ అని రెండుసార్లు అన్న నోటికి మూడోసారి అనడం కష్టమూ కాదు. అయితే ఆ క్షణాన ఆమెకు తాను ఎన్నడూ చూడని ఊరొకటి కనిపించింది. అక్కడొక వార్డు, గుమ్మం పక్కన ఒక మంచం, దాని మీద ఒక దిగిన భుజం. ఎవరో ఒక ఆడమనిషి తన వాళ్ళను వెతుక్కుంటూ అటు వచ్చి, వాడిని తల నుంచి పాదం దాకా కంటితో కొలిచి, కాదని ముందుకు పోతోంది. వాడు "సరేలే" అంటున్నాడు.

ఆమె సంచి కింద పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మీ కోసమే."

"అయితే కూర్చో," అన్నాడాయన. పట్టీ వదిలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఒంటిగంట బస్సు ఆసుపత్రి గేటు ముందు నుంచి హారను కొట్టుకుంటూ పోయింది. ఆమె విన్నది. లేవలేదు. డాక్టరు రావడానికి, కాగితాలు రావడానికి ఇంకా చాలాసేపు పట్టింది. కాగితం మీద "రోగికి ఏమవుతారు" అన్న గీత దగ్గర ఆమె పెన్ను ఆగింది. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ రాసుకోని మాట అక్కడ రాసింది: అక్క.

డ్యూటీ నర్సు కాగితం చూసి, నెరిసిన ఆ తల చూసి, నెరవని ఈమె తల చూసింది. "మీరు... అక్కా?"

"అలా చూస్తావేమమ్మా," అన్నాడు పద్నాలుగు, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "మా అక్క వయసు దాచుకుంటుంది."

అప్పుడు గడియారంలో రెండున్నర.

నాలుగు కావస్తుండగా గోతుల తాత వార్డుకు వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది. ఎన్నడూ పరిగెత్తని మనిషి రొప్పుతున్నాడు. బస్సు ఎక్కలేదేమని అడగలేదు. మంచం మీది మనిషినీ, ఆయన పట్టుకున్న చేతినీ చూసి స్టూలు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"అంగీ వదిలేసిందమ్మా."

ఆమెకు అర్థం కాలేదు.

"కొలత వదిలేసింది. నేను కళ్ళారా చూశాను. బీరువా ఎదురుగానే కూర్చున్నాను కదా. రెండున్నరప్పుడు ముందు ఛాతీ వదులైంది. తరువాత చేతులు దిగాయి. చివరికి ఆ ఎడమ భుజం..." తాత తన ముసలి భుజాన్ని మెల్లగా పైకెత్తి చూపించాడు. "ఇదిగో, ఇలా ఎగిరింది. వాడు ఎగరేసినట్టే. మళ్ళీ కిందికి దిగలేదు."

పట్టిన కొలతను అంగీ వదలడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. నలభై ఒక్కసార్లలో ఒక్కసారీ జరగలేదు.

"బతికాడంటావా తాతా?"

"అది నేను చెప్పలేనమ్మా. ఎవరూ లేనివాళ్ళ కొలతే పడుతుంది అంగీ. వదిలిందంటే వాడి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు. అంతవరకే నాకు తెలుసు."

"ఎవరు?"

తాత మంచం మీది చేతుల వంక చూశాడు. "నీలాంటి మనిషే అయ్యుంటుంది."

ఆమె అప్పుడు ఏడ్చింది. కుడిచెయ్యి ఆయన పట్టులో ఉండిపోవడంతో ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. వాడి మొహం తాను చూడదని ఆమెకు తెలిసిపోయింది. ఆనాడు తానన్న మాటే నిజమవుతోంది. ఆ మొహాన్ని ఇంకొక ఆడమనిషి, పేరు తెలియని మనిషి, ఎక్కడో కూర్చొని తనకు బదులుగా చూస్తోంది.

పద్నాలుగు ఇంకా పదిహేడు రోజులు ఉన్నాడు. డాక్టరు రెండు రోజులన్నాడు. నర్సమ్మ పొద్దున వచ్చి పుండ్లు కడిగేది. మాస్టారు పేపరు చదివి వినిపించేవారు, మధ్యలో ఆయన ఉచ్చారణ తప్పులను ఈయన దిద్దేవాడు. ఫాదరుగారు వచ్చి నుదుట నూనె రాసి అవసాన అభ్యంగనం ఇచ్చివెళ్ళారు. ఆ తరువాతి ఆదివారం ఏడు చీటీలూ తిరిగి బిస్కెట్ల డబ్బాలో వేసి, డబ్బాను గుడి మెట్ల మీద పెట్టారు. ఎవరు ఏ చీటీ అని ఆ తరువాత ఎవరూ అడగలేదు. బీరువాలో అంగీ ఎప్పుడు కొలత పట్టినా ఏడు వీధులకూ కబురు వెళ్ళేది. కొన్నిసార్లు చేరుకోగలిగారు, అంగీ వదిలేసేది. కొన్నిసార్లు ఆలస్యమయ్యేది, తాత గొయ్యి తవ్వేవాడు.

పద్నాలుగు కొలత మాత్రం అంగీ పట్టలేదు. ఆయనకు అంగీ కావాలంటే టైలరమ్మే కొలవవలసి వచ్చింది. ఒక మధ్యాహ్నం టేపు పట్టుకొని వచ్చి ఎలా అడగాలో తెలియక నిలబడింది.

"ఓహో, కొత్త బట్టలా?" అన్నాడాయన. "చేతులు కాస్త పొడుగు పెట్టు. నాకు చలి."

ఆమె పొడుగు కొలిచింది, ఛాతీ కొలిచింది. భుజాలు కొలిచింది. రెండూ సమానం. బతికున్న మనిషిని కొలిచి కుట్టిన మొదటి అంగీ అది. కుట్టడం అయ్యాక ఎందుకో నాడాలు చాలవనిపించి, మెడ దగ్గర ఒక గుండీ కుట్టి తెచ్చి చూపించింది.

"బట్ట తెల్లదైతే గుండీ నీలమేమిటి?"

"ఇదొక్కటే ఉంది నా దగ్గర."

ఆయన ఆమె మొహం వంక చూశాడు. "సరేలే అక్కా," అన్నాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు అటు తిరిగి నిలబడి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆయన ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఆయా తెర లాగబోతే టైలరమ్మ వద్దంది. స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. నర్సమ్మ జపమాల తీసింది. తాత గుమ్మం దగ్గర తలపాగా తీసి నిలబడ్డాడు. టైలరమ్మ పెదవులు కదపలేదు. గరుకు గడ్డం, పగిలిన పెదవులు, సగం తెరిచిన కళ్ళు, కనుబొమ్మ మీద పాత గాటు, ఒక్కొక్కటీ కొలత తీసుకుంటున్నంత శ్రద్ధగా చూస్తూ కూర్చుంది. ఊపిరి ఆగిన తరువాత కూడా, నర్సమ్మ తన భుజం మీద చెయ్యి వేసేదాకా, ఆమె ఆ మొహం మీద నుంచి చూపు తిప్పలేదు.